కూలిన ప్రహరీ, డొక్కల గుట్ట

మా స్కూలు డ్రిల్లు టీచరు నిర్మలకు అనుమానం ఎక్కువ. ఉప్పలగుప్తం దగ్గర ఈ హైస్కూలుకు వచ్చిన ఆరేళ్లలో, బంతుల గది తాళాన్ని రెండుసార్లు లాగి చూడకుండా ఆమె ఇంటికి వెళ్లడం నేను చూడలేదు. లెక్కలు చెప్పే నాకేమో తిక్క ఎక్కువ. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆడపిల్లల ఖోఖో జట్టును అమలాపురం సెలక్షన్లకు తీసుకెళ్లాలని ఆమె పంతం. నిరుటి దాకా నలుగురు కూడా గ్రౌండులోకి దిగేవారు కాదు. ఈ ఏడు ఏకంగా పన్నెండుమంది వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, రోడ్డువైపు ప్రహరీ కూలిన చోట, పక్క తోట రైతు గోవిందరాజులు గారు కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు గుట్ట పోయించడం మొదలుపెట్టారు.

“ఇవాళ డొక్కలు, రేపు పాక, ఎల్లుండి పట్టా! చూస్తుండండి మాస్టారూ,” అంది నిర్మల. రోజూ అడుగులు వేసి కొలిచేది. గుట్ట లోపలికి రాలేదు. రోడ్డు వెంట పొడుగ్గా, మనిషెత్తున పెరిగింది. అది ఇంకా పెద్ద కుట్ర అనిపించింది మాకు. నిలదీస్తే ఆయన తల గోక్కుని, “మీ స్థలం నాకెందుకండీ బాబూ? కొన్నాళ్లు ఉండనివ్వండి,” అన్నారే తప్ప ఎందుకో చెప్పరు. తప్పు చేసినవాడి నసుగుడు కాకపోతే ఏమిటది! తహసీల్దారుకు అర్జీ రాసిపెట్టింది నేనే. వారంలో ట్రాక్టర్లు వచ్చి డొక్కలన్నీ పీచు మిల్లుకు ఎత్తుకుపోయాయి.

మర్నాడు సాయంత్రం విజిల్ ఊదితే ఒక్క పిల్లా కదల్లేదు.

“ఆయనే బెదిరించి ఉంటాడు,” అని ఊగిపోతూ నిర్మల జట్టు కెప్టెన్ కీర్తిని పట్టుకుంది. ఆ పిల్ల వరండా స్తంభం వదలకుండా చెప్పింది.

“కుర్రాళ్లు రోడ్డు మీద బళ్లాపి, మేం పరిగెడుతుంటే ఫోన్లో వీడియోలు తీస్తారండి. డొక్కలు అక్కడ పొయ్యమని తాతగార్ని మేమే అడిగేమండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నామండి.”

“నాకైనా చెప్పొచ్చు కదే!”

“మీకన్నీ అనుమానాలే కదండీ. మమ్మల్నే ఏమన్నా అనుకుని ఇంట్లో చెప్పేస్తారని భయమేసిందండి. ఇంట్లో తెలిస్తే ఆట మాన్పించేస్తారండి.”

నిర్మల మొహం వంక చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికప్పుడు ఇద్దరం గోవిందరాజులు గారింటికి వెళ్లి ఆయన చేతులు పట్టుకున్నాం.

“ఇప్పుడు డొక్కలేవండి? మళ్లీ కాయల దింపు నెలన్నరకి గానీ రాదండి, ఆయ్,” అన్నారాయన నొచ్చుకుంటూ. సెలక్షన్లు పది రోజుల్లో ఉన్నాయి.

అమలాపురంలో మా స్కూలు పేరు పిలిచినప్పుడు లేచి నిలబడింది నిర్మల ఒక్కతే.