పదేళ్ల పిల్లాడి ఆయాసం

నాది చిన్నప్పటి నుంచీ బొంగురు గొంతు. ఇంటికి వచ్చిన ఫోను నేను ఎత్తితే అవతలివాళ్లు "బాబూ, అమ్మ ఉందా?" అని అడిగేవారు. అద్దంకి దగ్గర మా ఊళ్లో నాన్న మిరప, పత్తి వేస్తారు. నేను గుంటూరులో ఒక ప్రైవేటు బళ్లో తెలుగు చెబుతూ, నల్లపాడులో గది తీసుకుని ఉంటున్నాను. మొదట్లో సెలవు దొరికితే గుంటూరులోనే ఒక చిన్న రికార్డింగు గదికి వెళ్లేదాన్ని. విత్తనాల కొట్లవాళ్లు ఆటోలకు మైకు కట్టి ఊరూరా వినిపించే ప్రకటనలు అక్కడ చదివేదాన్ని.

ఒకరోజు ఆ గది యజమాని అడిగారు. "హైదరాబాదులో జపాను కార్టూన్లు తెలుగులో చేస్తున్నారంటండి. పదేళ్ల మగపిల్లాడి గొంతు కావాలంట. మీ గొంతు పంపిద్దామా?"

"మగపిల్లాడికి నేనేంటండీ?"

"నిజం పిల్లలు గంటల తరబడి నిలబడి చెప్పలేరంటండి. అందుకే ఆడవాళ్లనే వెతుకుతున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే, అది ఎలా చేస్తారో చూడాలనీ అనిపించింది. రెండు నిమిషాల నమూనా పంపాం. వారం తిరక్కుండా పిలుపొచ్చింది. ఆదివారం పొద్దున్నే రైలెక్కాను.

డబ్బింగు గదిలో ఒక మైకు, ఒక తెర, ఒక స్టాండు. అద్దానికి అవతల ఇంజనీరు, ఆయన పక్కన డైరెక్టరు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. తెర మీద బొమ్మ పిల్లాడు అడవిలో పరిగెడుతున్నాడు. నా ముందున్న కాగితంలో రెండే ముక్కలున్నాయి: పరుగు, ఆయాసం. వారమంతా నేను సాధన చేసింది మాటల్ని.

"మాటలెక్కడున్నాయండీ?" అనడిగాను.

"ముందు పరిగెత్తమ్మా," అందావిడ నవ్వుతూ.

నిలబడ్డచోటే రొప్పాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "ఇది మెట్లెక్కొచ్చిన టీచరు ఆయాసం. వాడికి పదేళ్లు."

మొహం వేడెక్కింది. కానీ సిగ్గు కన్నా సందేహమే ఎక్కువైంది. పదేళ్లవాడి ఆయాసానికీ నా ఆయాసానికీ తేడా ఏమిటి? జపాను గొంతు ఒకసారి వినిపించమన్నాను. మూడుసార్లు విన్నాను. వాడు ఊపిరి పూర్తిగా వదలక ముందే మళ్లీ పీలుస్తున్నాడు. మధ్యలో గుటక వేస్తున్నాడు. "ఈ అబ్బాయి భలే చేశాడండీ," అన్నాను.

"అబ్బాయి కాదు. ఆవిడ నీకన్నా పెద్దదే అయ్యుంటుంది."

నాలుగో ప్రయత్నానికి నా ఆయాసం కుదిరింది.

తర్వాత మాటలొచ్చాయి. పిల్లాడు స్నేహితుడి మీద అలిగి, "నేను నిన్ను ఎన్నటికీ క్షమించను" అనాలి. బొమ్మ నోరు మూసేసినా నా మాట ఇంకా సాగుతూనే ఉంది. వేగంగా చెబితే అలక పోతోంది.

"మా పిల్లలు ఇలా అనరండీ," అన్నాను.

"మరేమంటారు?"

"పో, నీ జట్టుండను."

"జట్టంటే క్రికెట్టు జట్టా?"

"కాదండీ, స్నేహం. అలిగితే మా వైపు పిల్లలు అదే అంటారు."

ఆవిడ తెర వైపు చూస్తూ పెదాలు కదిపి, చెప్పి చూడమంది. సరిగ్గా సరిపోయింది.

వెళ్లేముందు ఆవిడ ఇంకో సన్నివేశం చూపించింది. కొండ అంచున వేలాడుతున్న స్నేహితుణ్ణి వాడు పైకి లాగుతాడు. నేను గట్టిగా అరిచాను. "అరుపు కాదు, బరువు కావాలి. వచ్చే వారం మళ్లీ చూద్దాం," అంది.

ఆ వారం రెండో శనివారం బడికి సెలవైతే ఊరెళ్లాను. కళ్లంలో మిరప బస్తాలు లారీకి ఎత్తుతున్నారు. ఆ బస్తాల్ని మా వైపు టిక్కీలంటారు. దగ్గరగా నిలబడి విన్నాను. ఒకాయన టిక్కీ వీపు మీదికి ఎత్తుకుంటే చప్పుడే లేదు. ఆశ్చర్యపోయి, "ఇంకోసారి ఎత్తవా బాబాయ్?" అన్నాను.

"ఎక్కించింది మళ్లీ దించి ఎత్తమంటావా? ఏందమ్మాయ్ నీ పిచ్చి!"

"అట్టా కాదు బాబాయ్, ఇంకోటి ఎత్తేటప్పుడు వింటా."

"టిక్కీ ఎత్తితే వినేదేముంది?" అంటూనే ఎత్తాడు. అప్పుడు తెలిసింది. బరువు మీద ఉన్నంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టే ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. చప్పుడు బయటికొచ్చింది బస్తా దించాకే. అదీ అరుపు కాదు, సన్నగా, ముక్కులోంచి. నాన్న దూరం నుంచి, "ఘాటుకి దగ్గొస్తది, ఇవతలికి రా!" అని కేకేశారు. అప్పటికే దగ్గుతున్నాను.

మర్నాడు ఆదివారం మైకు ముందు నేను అరవలేదు. స్నేహితుడి చెయ్యి దొరికిన దగ్గర్నుంచి వాడు పైకొచ్చేదాకా ఊపిరి బిగబట్టాను. కళ్లు తిరిగాయి. చివర్లో ఒక్క చిన్న చప్పుడు వదిలాను. అద్దం అవతల ఆవిడ దాన్ని రెండుసార్లు వేయించుకుని వింది. మెచ్చుకోలేదు. "తర్వాతది," అంది ఇంజనీరుతో. పాత్ర నాదేనని సాయంత్రం కాగితం మీద సంతకం పెట్టించారు.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు వెళ్తున్నాను. కొత్త భాగాల్లో ఆ పిల్లాడికి పద్నాలుగేళ్లు వస్తాయట. గొంతు మారుతూ జీర పడుతుంది. ఆ జీర మాట మొదట్లో వస్తుందో, మధ్యలో వస్తుందో నాకింకా తెలీదు. అందుకే ఈమధ్య తొమ్మిదో తరగతి అబ్బాయిల చేత పద్యాలు గట్టిగా చదివిస్తున్నాను. నా చెవి ఛందస్సు మీద ఉండటం లేదు.