చెల్లెలి మొక్కు

కసిల్దా పెద్దమ్మకి సముద్రపొడ్డునున్న మలాగా నగరం తెలుసా అని మా ఊళ్లో ఎవర్నడిగినా నవ్వుతారు. పెళ్లయిన కొత్తల్నుంచి ఏటా వెళ్లొస్తూనే ఉంది, కానీ ఆ నగరంలో ఒక్క వీధి పేరు చెప్పలేదు. బస్టాండులో కాలు కింద పెట్టగానే చెల్లెలు, అదెలా అని పేరు, వచ్చి చెయ్యి పట్టుకునేది, మళ్లీ తిరుగు బస్సు ఎక్కించేదాకా వదిలేది కాదు. సందులు, సిగ్నళ్లు, సిటీ బస్సులు అన్నీ అదెలాయే చూసుకునేది. పెద్దమ్మ తలొంచుకుని చెల్లెలి మాటలు వింటూ నడిచేది. సముద్రం ఎటువైపుందని అడిగితే "అదెలా ఎటు తిప్పితే అటు" అనేది.

"అక్కా, నిన్ను గానీ వదిలేశానంటే నేరుగా నీళ్లలో నడుచుకుంటూ పోయి ఆఫ్రికాలో తేలతావే," అనేది అదెలా.

"తేలితే ఏమైంది, అక్కడా నువ్వే ముందు పోయి నిలబడి ఉంటావు, చెయ్యి పట్టుకు లాగడానికి."

అదెలా చిన్నప్పుడే కొండ దిగి వెళ్లిపోయింది. మలాగాలో ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పనిలో చేరి, అక్కడే పెళ్లాడి, అక్కడే విధవ అయింది. పెద్దమ్మ కొండ మీదే ఉండిపోయింది. బాదం తోట, నాలుగు మేకలు, మొగుడు. ఆ తర్వాత మొగుడు పోయి బాదం తోట, మేకలు. పిల్లల్లేరు. అదెలా కూతురు నొయేలియానే కూతురనుకుంది. ఆ పిల్లకి నాలుగేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, అదెలా తమ పేటలోని మరియతల్లికి మొక్కుకుంది. పిల్ల బతికితే, నా కాళ్లు ఆడినన్నాళ్లూ ఈస్టరు ముందొచ్చే ప్రతి పవిత్ర గురువారం ఊరేగింపులో నీ పల్లకి వెనకాల నడుస్తానమ్మా అని. పిల్ల బతికింది. అదెలా నడిచింది. వానొచ్చి ఊరేగింపు ఆగిపోయిన ఏడు కూడా చర్చి చుట్టూ తానొక్కతే తిరిగొచ్చిందంటారు.

ఈ ఏడు ఆ గురువారానికి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు అదెలా ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. పెద్దమ్మ ఇంట్లో ఉన్నది గోడకి తగిలించిన పాత ఫోనే. దాని ముందు ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది.

"ఊపిరి అందట్లేదే అక్కా. డాక్టర్లు ఏవో గొట్టాలు పెట్టారు. గొట్టాల సంగతి సరే, గురువారం సంగతేంటి? ఈసారి మొక్కు తప్పిపోతుందే."

"తప్పితే తప్పిందిలే. ఆ తల్లికి తెలీదా?"

"తెలుసు. తెలిసినా ఊరుకుంటుందంటావా?"

గురువారం పొద్దున నొయేలియా ఫోన్ చేసింది. "పెద్దమ్మా, కంగారేం లేదు. కానీ ఇవాళే బయల్దేరు," అంది.

ఆ మాట పట్టుకునే పెద్దమ్మ బయల్దేరింది. నేను సెలవుల్లో మలాగాలో ఒక బారులో పని చేయడానికి అదే బస్సులో వెళ్తున్నా. మా అమ్మ నా చేతిలో ఆమె సంచీ పెట్టి, "ఆసుపత్రి గుమ్మం దాకా దింపి మరీ పో" అంది. సంచీలో కొవ్వులో నిలవ వేసిన మాంసం సీసా ఉంది. పాలల్లో నానబెట్టి వేయించి తేనె పోసిన రొట్టె ముక్కలు ఓ డబ్బా నిండా ఉన్నాయి. దారంతా ఆ తేనె వాసనే.

"కంగారేం లేదంది కదమ్మాయ్," అని అడిగింది పెద్దమ్మ, సగం దారిలో.

"అవును పెద్దమ్మా, నువ్వే చెప్పావుగా."

"కంగారేం లేకపోతే ఇవాళే ఎందుకు రమ్మంది?" ఒక మలుపు దాటేదాకా కిటికీలోంచి చూసి మళ్లీ తనే అంది. "పండగ కదా, అందుకే అయ్యుంటుంది."

బస్టాండులో దిగాక పెద్దమ్మ కదల్లేదు. జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఆమె సంచీ పట్టీ పట్టుకుని, చెల్లెలు ఎప్పుడూ నిలబడే స్తంభం వైపు చూస్తూ ఉండిపోయింది. నేను చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి నా చేతిలో ఎటుండాలో దానికే తెలీనట్టు అటూ ఇటూ కదిలింది.

ఊరేగింపుల వల్ల సిటీ బస్సులు ఆపేశారు. టాక్సీవాడు నవ్వాడు. "ఇవాళ నది దాటించాలంటే రెక్కలుండాలి బామ్మా," అన్నాడు. ఆసుపత్రి నదికి అవతలి ఒడ్డునుంది. నడిచే వెళ్లాం. వంతెన దగ్గరికొచ్చేసరికి పోలీసులు అడ్డంగా ఇనుప కంచెలు పెట్టేశారు. కంచెల అవతల, ఊరేగింపు ముందు నడిచే మొనదేలిన ముసుగులవాళ్లు కొవ్వొత్తులతో వరసలు కట్టి వంతెనెక్కుతున్నారు. దబ్బకాయ ముక్కలకి ఉప్పద్ది అమ్మే ఆమె కూడా అమ్మకం ఆపి శిలువ గుర్తు వేసుకుంది.

"కిందకి పోతే ఇంకో చిన్న వంతెనుంది పెద్దమ్మా. అటు తిరిగితే తొందరగానే పోతాం," అన్నాను.

ఆమె వినట్లేదు. పల్లకి వీధి మలుపు తిరుగుతోంది. నల్ల ముఖమల్ పందిరి కింద మరియతల్లి, ముందు తెల్లటి పూలు, కింద వందమందికి పైగా మగవాళ్ల భుజాలు.

"ఇది అదెలా తల్లి కదూ?"

"అవును. పేట నుంచి ఇప్పుడే బయటికి తెచ్చినట్టున్నారు."

"అయితే నేను దీని వెనకే వస్తాను."

"పెద్దమ్మా, దీని వెనకాలంటే వంతెన దాటేసరికే ఎంతసేపవుతుందో తెలీదు. ముందు ఆసుపత్రికి పోదాం, తర్వాత..."

"తర్వాతంటే ఆ తల్లి నాకోసం ఆగుతుందా?" ఆమె నా మీద కోప్పడలేదు. పాలు పితికేటప్పుడు మేకతో మాట్లాడినట్టు నెమ్మదిగా చెప్పింది. "వట్టి చేతులతో పోయి మంచం పక్కన కూర్చుని ఏం చెప్పను దానికి? మొక్కు తీరిందే అని చెప్తే సగం జబ్బు అక్కడే పోతుంది. అది నాకు తెలుసు."

"పోనీ నొయేలియాకి ఫోన్ చేసి ఇలా నడుస్తున్నామని చెప్పనా?"

"చెప్పావంటే అది వెంటనే వాళ్లమ్మకి చెప్పేస్తుంది. ఆ మాట నేను చెప్పాలి. ఇన్నేళ్లూ మలాగాలో నాకన్నీ చెల్లెలే చూపించింది. ఒక్కటి నన్ను చెప్పనివ్వు."

పల్లకి వెనకాల ముదురు రంగు బట్టల్లో మొక్కున్న ఆడవాళ్లు గుంపుగా నడుస్తున్నారు. కొందరి కాళ్లకి చెప్పుల్లేవు. పెద్దమ్మ కంచె సందులోంచి దూరి వాళ్లలో కలిసింది. నేను పక్కనే, జనం అంచున నడిచాను.

"ఎవరమ్మా నువ్వు? ఎప్పుడూ చూళ్లేదే," అంది ఒక లావుపాటామె. ఆమె పేరు చారో అని తర్వాత తెలిసింది.

"అదెలా అక్కని. కొండ మీది నుంచి వచ్చాను."

"హోటలు అదెలా అక్కవా? మరి ముందే చెప్పవేం. ఇలా రా, ఇదీ దాని చోటు. ఈ ఏడు లేదేంటా అని అందరం మెడలు సాచి చూస్తున్నాం. అది లేకపోతే నడక నడకలా లేదు. దారంతా నోరు ముయ్యదు కదా, మహాతల్లి."

"ఇంట్లోనూ అంతే."

చారో తన కొవ్వొత్తి పెద్దమ్మ చేతిలో పెట్టింది. వంతెన మీద పల్లకి నాలుగడుగులు వేసి ఆగేది. గంట మోగితే దించేవాళ్లు, మళ్లీ గంట మోగితే ఎత్తేవాళ్లు. డప్పులు గుండెల్లో కొట్టినట్టుండేవి.

"మోసేవాళ్లు ముసలాళ్లైపోయారు. నత్త నయం," అంది వెనక నుంచి ఒకామె.

"మీ ఆయన కూడా మోస్తున్నాడుగా," అంది చారో.

"ఆయన్నే అంటున్నా."

పెద్దమ్మ కూడా నవ్వింది. మైనం కారి వేళ్ల మీద పడుతున్నా కొవ్వొత్తి రెండో చేతికి మార్చుకోలేదు. వంతెన మధ్యలో ఒకసారి నాకేసి చూసి, "పూలన్నీ తెల్లవే కదూ? అడుగుతుంది, గుర్తుపెట్టుకో," అంది. తర్వాత నడక మరీ నెమ్మదైపోయింది. పొద్దు వాలేసరికి అవతలి ఒడ్డుకి చేరాం. చారో ఆమె చెంపలు రెండూ ముద్దు పెట్టుకుని, "వచ్చే ఏడు దాన్నే రమ్మను. నువ్వు మంచిదానివే గానీ మాట్లాడవు," అంది.

ఆసుపత్రి మెట్లు పెద్దమ్మ నాకంటే ముందే ఎక్కేసింది. వరండాలో నొయేలియా గోడకానుకుని నిలబడి ఉంది.

"పెద్దమ్మా, బస్సు ఎప్పుడో వచ్చిందన్నారు. ఇంతసేపూ ఎక్కడున్నావు?"

"పల్లకి వెనకాల నడిచానే. అమ్మ మొక్కు తీర్చేశాను. జరుగు, లోపలికి పోయి చెప్పాలి."

నొయేలియా జరగలేదు. "అమ్మ పోయింది పెద్దమ్మా. కాసేపే అయింది."

పెద్దమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "నువ్వు కంగారేం లేదన్నావు కదమ్మా."

"ఒక్కదానివే బస్సులో వస్తావనుకున్నాను. ఫోన్లో అమ్మ పరిస్థితి ఎలా చెప్పేది నీకు?" నొయేలియాది కోపమో ఏడుపో నాకు తెలీలేదు. "నువ్వేమో ఊరేగింపులో నడిచానంటున్నావు. అమ్మ తలుపు వైపే చూస్తూ ఉంది. చివరిదాకా అటే చూసింది."

నర్సు తలుపు తీసింది.

అదెలా మొహం మీది గొట్టాలన్నీ తీసేశారు. జుట్టు ఎవరో దువ్వారు. పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, దుప్పటి కింద చెయ్యి పెట్టి చెల్లెలి చెయ్యి వెతికింది.

"వెచ్చగానే ఉందే," అంది.

తర్వాత చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టింది. మా ఊళ్లో గోడ మీది నుంచి పక్కింటావిడకి కబురు చెప్పే గొంతుతోనే. "పూలు ఈసారి తెల్లవేనే. పందిరికి కొత్త కుచ్చులు కుట్టారు. చారో అట, లావుగా ఉంటుంది, నీ చోటు నాకిచ్చింది. నువ్వు నోరు ముయ్యవని చెప్పింది, నేనూ అవునన్నాను. ఒకామె మొగుణ్ని నత్తంది. వంతెన మీద గాలికి రెండుసార్లు కొవ్వొత్తి ఆరిపోతే పక్కామె వెలిగించింది. మధ్యలో ఆపి తల్లిని నీటివైపు తిప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత వంతెన దాటాం..."

అక్కడ ఆగిపోయింది. వంతెన దాటాక ఇంకేం లేదు. ఆ తర్వాత ఆసుపత్రే.

నొయేలియా ఎప్పుడు లోపలికొచ్చిందో మేం చూడలేదు. మంచానికి అటుపక్క కూర్చుని, వాళ్లమ్మ రెండో చెయ్యి పట్టుకుంది.

"చెప్పు పెద్దమ్మా. తర్వాత?"

"అంతేనమ్మా," అంది కసిల్దా పెద్దమ్మ. "అయిపోయింది."