నాన్న ముఖం ఆగిపోయిన ఆదివారం

కొత్త ల్యాప్‌టాప్ తెరవగానే "యాంటీవైరస్ వేసుకోండి" అన్న హెచ్చరిక కనిపించింది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో మేమున్న ఊరి శివారు, సిటీవెస్ట్‌లోని మా పాత అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. మన ఈడు వాళ్ళకు గుర్తుందా, ఆ బరువైన మానిటర్, అమ్మలు దాని మీద కప్పే పూలగుడ్డ, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన?

అప్పటికి అమ్మ ఇక్కడ నర్సు. నాన్న ఇంకా గుంటూరులోనే వీసా కోసం ఎదురుచూస్తుండేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే కంప్యూటర్‌లో ఆయన్ని చూడడమే మాకు పండుగ. వైరస్ వస్తే అదీ పోతుందని భయపడి, అమ్మ చర్చిలో పరిచయమైన పాల్ అంకుల్ చేత యాంటీవైరస్ వేయించింది.

ఆ తర్వాతి ఆదివారం తెర మీద నాన్న నోరు తెరిచి, అలాగే ఆగిపోయారు. "డాడీ ఈజ్ బ్రోకెన్!" అని చెల్లి ఏడుపు అందుకుంది.

అమ్మ ఫోన్ చేస్తే అంకుల్ వచ్చి చూశారు. "పాత మెషీన్ కదా సిస్టర్, యాంటీవైరస్‌ని మోయలేకపోతోంది. తీసేస్తే వైరస్ రావచ్చు మరి."

"వస్తే రానీయండి బ్రదర్. ముందు ఆయన్ని మాట్లాడనీయండి," అంది అమ్మ.

అంకుల్ దాన్ని తీసేసి కాల్ మళ్ళీ కలిపారు. నాన్న కదిలారు. "ఏమైందే, అందరూ అలా చూస్తున్నారు?" అన్నారు. అమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత వైరస్ వచ్చిందో లేదో నాకు తెలీదు. నాన్న వచ్చారు. ఎయిర్‌పోర్టులో చెల్లి ఆయన బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.