ఆఁఆఁ బాబాయి వడ్రంగిపిట్ట

ఆ వీధిలో ఆయన్ని ఆఁఆఁ బాబాయి అంటారు. ఉద్యోగమంతా అచ్చు యంత్రాల పక్కనే గడిపిన మనిషి. ఆ యంత్రాలు జీతమైతే ఇచ్చాయి గానీ చెవులు పట్టుకుపోయాయి. వినబడలేదని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి, ఎవరేం చెప్పినా "ఆఁ, ఆఁ" అని తలూపడం అలవాటైంది. ఒకసారి పాలవాడు "రేపట్నుంచి పాలు ఆపేయమంటారా?" అంటే దానికీ ఆఁఆఁ అన్నాడు. మర్నాడు పిన్నిగారు కాఫీకి బదులు గ్లాసెడు వేణ్ణీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆ దంపతులకున్న సరదా ఒక్కటే, ఊరి చివరి అడవిబాట. చలి వెనక్కి తగ్గి, మోడుబారిన కొమ్మల మీద గోరంత చిగుళ్లు తొంగిచూసే రోజుల్లో ఏటా అక్కడికి వెళతారు. మొదటిసారి వెళ్లినప్పుడు పిన్నిగారు చటుక్కున ఆగి, "వడ్రంగిపిట్ట! చెట్టు కొడుతోంది, విన్నారా?" అని గట్టిగా అడిగింది. ఆవిడ మొహం చూస్తే లేదనడానికి ఆయనకు నోరు రాలేదు. "ఆఁ! ఏం కొడుతోందీ!" అన్నాడు. అప్పట్నుంచీ ఏటా అదే అబద్ధం.

ఈ ఏడు దాన్ని ఎలాగైనా నిజం చేసుకోవాలని పంతం పట్టాడు. కూతురిచేత గుట్టుగా చెవి మిషన్లు తెప్పించుకున్నాడు, చెవికొకటి. భార్యకు చెబితే, ఇన్నాళ్లూ ఏం విన్నారని నిలదీస్తుంది. అందుకని వాటిమీదికి ఉన్ని టోపీ లాక్కుని, ఏమీ ఎరగనట్టు బయలుదేరాడు.

అడవిలో అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. ఎండుటాకుల కింద గరగరమంటే తొండేమో అనుకున్నాడు. తీరా చూస్తే వేలెడు కూడా లేని పురుగు. దానికే అంత ఆర్భాటమా! దాచుకున్న గింజలెక్కడున్నాయో మరిచిపోయిన ఉడుత ఒకటి కంగారుగా నేలంతా తవ్విపోస్తోంది. చెక్కవంతెన కింద నీళ్లలో కప్పగుడ్లు ఉడికిన సగ్గుబియ్యంలా తేలుతున్నాయి. ఇంకా పువ్వులు దొరకని తేనెటీగ, టోపీ మీది పసుపు ఉన్నిబంతి చుట్టూ ఆశగా తిరిగింది. దాని రొద కూడా ఆయనకు కమ్మగానే ఉంది.

వంతెన దాటాక పిన్నిగారు ఆగింది. "అదిగో, వడ్రంగిపిట్ట! విన్నారా?"

ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. మిషన్లు పాడయ్యాయేమో అనుకున్నాడు. అలవాటుకొద్దీ, "ఆఁ! ఏం కొడుతోందీ!" అన్నాడు.

ఆవిడ అటు తిరిగి గొణుక్కుంది. "పిట్టా లేదు, గిట్టా లేదు. ఎంత నమ్మకంగా ఊపుతాడమ్మా తల!"

బాబాయికి నవ్వాలో ఉడుక్కోవాలో తెలియలేదు. ఏటా తనే ఆవిణ్ణి బురిడీ కొట్టిస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. నిలదీద్దామని నోరు తెరిచేలోపు ఆవిడ నడుస్తూ మళ్లీ మొదలుపెట్టింది. వినే నాథుడు లేడన్న ధీమాతో మాటలు ధారగా వస్తున్నాయి. ముందు ఆయన గురక గురించి. తర్వాత మంచం మీద పడేసే తడి తువ్వాలు గురించి. ఆ తర్వాత గొంతు ఇంకాస్త తగ్గింది.

"పెళ్లిలో ఈ మనిషి ముక్కు చూసి ఏడ్చాను. ఇప్పుడు పొద్దున్నే ఆ ముక్కు కనబడకపోతే నాకు తెల్లారదు. చెబితే నెత్తికెక్కుతాడు."

బాబాయి కళ్లు చెమ్మగిల్లాయి. ఇక మిషన్ల సంగతి చచ్చినా చెప్పకూడదనుకున్నాడు. తెలిస్తే ఆవిడ నోట ఇలాంటి మాట మళ్లీ రాదు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీద టకటకటకమని మోగింది. ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు. ఎండుమానుకి నిలువునా అతుక్కుని ఎర్రజుట్టు వడ్రంగిపిట్ట!

"అబ్బ, ఎంత గట్టిగా కొడుతోందే!" అని అరిచేశాడు.

ఆవిడ పిట్టను చూడలేదు, ఆయన్నే చూసింది. "మీకు వినబడిందా?"

ఈసారి ఆఁ అనలేదు. ఆవిడ వైపు టోపీ అంచు పైకెత్తి చెవి చూపించాడు.

"ఎప్పట్నుంచి?"

"ఇంటి దగ్గర్నుంచీ..."

ఆవిడ తను అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, ముక్కు మాట దగ్గరికొచ్చేసరికి రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. కాసేపటికి వేళ్ల సందులోంచి చూసి, "తీసి జేబులో పెట్టండి దాన్ని. నేను చెప్పుకోవాల్సింది ఇంకా బోలెడుంది" అంది.

ఆయన బుద్ధిగా తీసి జేబులో వేసుకున్నాడు. ఆవిడ తృప్తిగా నడక సాగించింది, మాటలూ సాగించింది. టోపీ కింద రెండో చెవిలో ఇంకో మిషను ఉన్న సంగతి మాత్రం బాబాయి చెప్పలేదు.