మంచం కింద సర్వర్

2024 మార్చి. కెనడాలో, టొరంటో శివారు స్కార్‌బరోలో రోడ్ల పక్కన మంచు నల్లగా మురికిపట్టి గట్టిపడిపోయి ఉంది. ఏ బస్సెక్కినా బ్యాక్‌ప్యాక్‌లు తగిలించుకున్న మన పిల్లలే. వరంగల్ వాళ్ళు, గుంటూరు వాళ్ళు, కర్నూలు వాళ్ళు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎంతమంది సర్దుకునేవారో చెబితే మీరు నమ్మరు. నేను చెప్పేవి ఎవరూ ఒక పట్టాన నమ్మరు లెండి. నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడే పిల్లలకి చెబుతుంటుంది.

ఉద్యోగరీత్యా నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ని. కంప్యూటర్లు నడుస్తున్నంతసేపూ ఎవరికీ గుర్తురాని, ఆగిన క్షణంలో అందరూ తిట్టుకునే మనిషినన్నమాట. మొదట రెజైనాలో, తర్వాత ఇక్కడ టొరంటోలో, ఎన్నో ఏళ్ళుగా ఇదే పని. ఆదివారాలు మాత్రం లైబ్రరీలో కూర్చుని స్టూడెంట్లకి సర్వర్లు ఎలా నడపాలో ఊరికే చెప్పేవాణ్ణి. దాంతో ‘సర్వర్ అంకుల్’ అని పేరు పడింది. ఈ సర్వీసులో నన్ను నిజంగా భయపెట్టిన కేసు ఒక్కటే. అది ఆ లైబ్రరీలోనే మొదలైంది.

ఫిబ్రవరిలో హారిక అనే అమ్మాయి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. వరంగల్ పిల్ల, కాలేజీలో నెట్‌వర్కింగ్ చదువుతోంది. చలికోటు జిప్పు కూడా విప్పలేదు.

“అంకుల్, మామూలు యాప్‌ల రాస్తే పది మంది కలిసి రిపోర్ట్ కొట్టి నా అకౌంట్ లేపేసిన్రు. ఎవ్వరూ లేపలేనట్టు పెట్టుకోవాలె. నా పేరు మాత్రం బయటికి రావొద్దు.”

“ఏం రాస్తావమ్మా అంతగా?”

“మా ఇంటి ఓనర్ గురించి.”

ఇక్కడ కొంచెం మా వృత్తి సంగతి చెప్పాలి. మామూలు సోషల్ మీడియాలో మనం రాసేదంతా కంపెనీ మెషీన్లలో ఉంటుంది. వాళ్ళు వద్దనుకుంటే మనం లేం. అప్పుడప్పుడే పైకొస్తున్న డీసెంట్రలైజ్డ్ నెట్‌వర్కుల్లో పద్ధతి వేరు. మన రాతలు, ఫొటోలు మన సొంత మెషీన్లో పెట్టుకోవచ్చు. దాన్ని పర్సనల్ డేటా సర్వర్, ముద్దుగా పీడీఎస్ అంటారు. మిగతా నెట్‌వర్క్ అంతా మన దగ్గరికొచ్చి చదువుకుపోతుంది. మన రాతల్ని మన మెషీన్లోంచి ఇంకెవరూ తుడిచెయ్యలేరు.

అయితే ఒక చిక్కుంది. ప్రతి సర్వర్‌కీ ఐపీ అడ్రస్ అని ఒక నంబరుంటుంది. అది ఎవరికైనా కనిపిస్తుంది, కనిపించకపోతే అక్కడికి రాలేరు. సర్వర్ ఇంట్లో పెట్టుకుంటే ఆ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ నంబరే లోకానికి తెలుస్తుంది. అందుకే, “క్లౌడ్ కంపెనీ మెషీన్ ఒకటి అద్దెకు తీసుకుని అక్కడ పెట్టుకో తల్లీ, ఇంట్లో మాత్రం వద్దు” అని చెప్పాను. తలూపింది. రెండ్రోజుల్లో తనే మొత్తం సెటప్ చేసుకుని లింక్ పంపింది. చురుకైన పిల్ల అనుకున్నా.

ఆ అకౌంట్‌లో పేర్లు లేవు, తిట్లు లేవు. ‘తలుపు తట్టకుండా రూములోకి వస్తడు. లోపల గడియ పెట్టుకోనియ్యడు, ఫైర్ సేఫ్టీ అంటడు. నేను స్నానానికి పోతే బయట నిలబడి నీళ్ళు వేడిగ వస్తున్నయామ్మా అని అడుగుతడు.’ అంతే, అంత చిన్న చిన్న వాక్యాలు. ఏ బస్ స్టాప్‌లో దిగాలో, ఏ ఇంటికి పోకూడదో గుర్తులు. మే నెల ఇంటేక్‌కి, అంటే కాలేజీ కొత్త బ్యాచ్‌కి, రావలసిన అమ్మాయిలు ఇండియాలో కూర్చుని అవి చదివారు. ఒకరి తర్వాత ఒకరు ఆ ఇంట్లో బుక్ చేసుకున్న రూములు వద్దనుకున్నారు.

మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం శేషు ఫోన్ చేశాడు. “గురువుగారూ, ప్లాజాలో కాఫీ తాగుదాం రండి. మీతో ఒక టెక్నికల్ పనుంది.”

శేషు అంటే స్కార్‌బరోలో మనవాళ్ళందరికీ ‘శేషన్న’. ఎయిర్‌పోర్టుకి వెళ్ళి పిల్లల్ని తెస్తాడు, మొదటిరోజు సాంబారు అన్నం పెడతాడు, అందరినీ నోరారా ‘అమ్మా’ అంటాడు. బేస్‌మెంట్ రూములు అద్దెకిస్తాడు. హారిక ఓనర్ అతనే. అది నాకు తెలుసని అతనికి తెలీదు.

కాఫీ తెచ్చుకుని కూర్చోగానే ఫోన్ తీశాడు.

“ఎవరో నా మీద చెత్త రాస్తున్నారు గురువుగారూ. హైదరాబాదులో మా ఫ్రెండు ఆ సర్వర్ నంబరు పట్టుకున్నాడు. ఇదిగో స్క్రీన్‌షాట్. స్కార్‌బరో అని చూపిస్తోంది. మన చుట్టుపక్కలే ఎవరో! కరెక్టుగా ఏ ఇల్లో మీరు చెప్పాలి.”

చూశాను. క్లౌడ్ కంపెనీ పేరుండాల్సిన చోట ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ పేరుంది. అంటే సర్వర్ ఎవరి ఇంట్లోనో ఉంది.

“తెలిస్తే ఏం చేస్తావ్ శేషూ?” అన్నాను, గొంతు మామూలుగా పెట్టి.

“నేనేం చేస్తానండీ, చెయ్యెత్తే మనిషినా?” నవ్వాడు. “ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఒక్క ఫోన్ చేస్తా. స్టూడెంట్ పర్మిట్‌లో ఉన్న గంటలకంటే ఎక్కువ పని చేస్తోందని. నిజమో అబద్ధమో వాళ్ళు తేల్చుకునేలోగా ఆ పిల్ల ఫ్లైటెక్కుతుంది.”

‘ఎవరో’ కాస్తా అప్పుడే ‘ఆ పిల్ల’ అయింది. రాసేది అమ్మాయేనని అతను తేల్చుకున్నాడు.

“ఆఫీసు సర్వర్ ఒకటి మొండికేసింది, ఒక్క నిమిషం” అని నా ఫోన్ తీసి హారికకి మెసేజ్ కొట్టాను. సర్వర్ ఎక్కడ పెట్టావ్?

జవాబు వెంటనే వచ్చింది. ‘నా రూమ్ల అంకుల్. మంచం కింద, పాత లాప్‌టాప్‌ల. క్లౌడ్‌కి క్రెడిట్ కార్డ్ అడిగింది, నాకింక రాలే.’

ఇంటి రౌటర్లో దారి తెరవకపోతే బయటివాళ్ళు ఆ లాప్‌టాప్‌ని చేరలేరు. దానికి రౌటర్ పాస్‌వర్డ్ కావాలి. అదెక్కడిదని అడిగాను.

‘శేషన్ననే ఇచ్చిండు. కంప్యూటర్ చదివే పిల్లవి కదా, వైఫై నువ్వే చూసుకో అన్నడు.’

మనవాళ్ళ అలవాటు మీకూ తెలిసిందే. ఇంట్లో కంప్యూటర్ చదివే మనిషి ఒకరుంటే చాలు, వైఫై, ప్రింటర్, టీవీ రిమోట్ అన్నీ వాళ్ళ నెత్తినే. అలా శేషు తన ఇంటి రౌటర్ తాళాన్ని తనే ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని తన ఇంటి నంబరే నాకు చూపించి ఇదెవరిదని అడుగుతున్నాడు. ఇంకో రోజైతే ఈ సంగతికి పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. అతను ఇంటికెళ్ళి తన ఫోన్లో ‘నా ఐపీ ఎంత’ అని ఒక్కసారి కొట్టి చూసుకుంటే చాలు. తర్వాత మంచం కిందకి వంగి చూడటమే.

దారి ఒకటుంది. ఈ నెట్‌వర్కుల్లో అకౌంట్ మైగ్రేషన్ అని ఒక సౌకర్యం. ఫోన్ నంబరు మారకుండా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోర్ట్ అవుతాం చూడండి, అలాగే పేరు, రాతలు, ఫాలోయర్లు పోకుండా అకౌంట్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు. నాకు క్లౌడ్‌లో సొంత పీడీఎస్ ఒకటుంది. ఫోన్లోనే అందులో చేరడానికి ఇన్వైట్ కోడ్ పుట్టించి హారికకి పంపాను. ఇప్పుడే మొదలుపెట్టు, లాప్‌టాప్ మాత్రం ఆపకు అన్నాను. సగంలో ఆపితే అకౌంట్ ఇక్కడా అక్కడా కాకుండా మధ్యలో వేలాడుతుంది. పైగా లాప్‌టాప్ ఆపినా శేషు చేతిలోని నంబరు అతని ఇంటిదే.

అది అయ్యేదాకా ఇతన్ని కుర్చీలోంచి లేవనివ్వకూడదు. నాకు చేతనైన విద్య ఒక్కటే.

“శేషూ, ఐపీ అంటే గుర్తొచ్చింది. రెజైనాలో ఒకసారి ఏమైందో చెప్పానా? చలికి కేబుల్లో డేటా గడ్డకట్టేసింది.”

“ఊరుకోండి గురువుగారూ!”

“నీ మీదొట్టు. హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని వీధి పొడుగునా నడిచా. కరిగిన కొద్దీ ఈమెయిళ్ళు టపటపా రాలాయి. ఒకాయనకి పెళ్ళి శుభలేఖ, పిల్లాడి బారసాల పిలుపు ఒకేసారి వచ్చాయి.”

శేషు పగలబడి నవ్వాడు. నా ఫోన్ వణికింది. ‘రాతలు మీ సర్వర్‌కి పోయినయి అంకుల్, ఫొటోలు పోతున్నయి.’ తర్వాత ఇంకోటి: ‘కన్ఫర్మేషన్ కోడ్ మెయిల్‌కి పంపినం అంటుంది. వస్తలేదు.’

వస్తే ఆశ్చర్యపోవాలి. ఇంట్లో పెట్టుకున్న సర్వర్‌కి మెయిల్ పంపే ఏర్పాటు విడిగా చెయ్యాలి. అది చాలామంది వదిలేస్తారు. ఆ కోడ్ లేకుండా అకౌంట్ కదలదు. కానీ అది సర్వర్ లోపలి డేటాబేస్‌లో రాసిపెట్టి ఉంటుంది. అక్కడికెళ్ళి చదువుకో అని టైప్ చేస్తున్నాను. అంతలో శేషు తన ఫోన్ మీద ఏదో నొక్కాడు.

“మీరు బిజీగా ఉన్నట్టున్నారు. మా బేస్‌మెంట్‌లో ఒక పిల్ల ఉంది, హారిక అని. కంప్యూటరే. ఈ స్క్రీన్‌షాట్ తనకి పంపించా. ఇట్టే కనిపెట్టేస్తుంది.”

అదే క్షణంలో నా ఫోన్ మళ్ళీ వణికింది.

‘అంకుల్ ఆయనకి తెలిసిపోయింది. నంబర్ నాకే పంపిండు. భయమైతుంది. లాప్‌టాప్ గుంజి బయట పడేస్త.’

గబగబా టైప్ చేశాను. ‘తెలీదు. నిన్ను నమ్మి పంపాడు. ఆపకు. అసైన్‌మెంట్ రాస్తున్నా, సాయంత్రం చూస్తా అని చెప్పు.’

ఆమె నుంచి ఏమీ రాలేదు. కౌంటర్లో కాఫీ మిషన్ గీపెడుతోంది. శేషు తన ఫోన్ వైపే చూస్తున్నాడు. మెషీన్లు ఆగిపోతే వచ్చే భయం నాకు అలవాటే. అక్కడొక మనిషి కింది గదిలో ఒక్కతే కూర్చుని ప్లగ్ పీకాలా వద్దా అని ఆలోచిస్తుంటే కలిగే భయం నాకు కొత్త.

శేషు ఫోన్ టింగుమంది. “చూశారా! ‘అసైన్‌మెంట్ ఉంది అన్నా, సాయంత్రం చూస్త’ అంది. బంగారం లాంటి పిల్ల.”

నేను రెజైనా కథలోకి మళ్ళీ దూరాను. ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. నవ్వాడో లేదో కూడా తెలీదు. చివరికి ఫోన్ వణికింది. ‘కోడ్ దొరికింది. అయిపోయింది అంకుల్. మీ సర్వర్ మీద కనిపిస్తున్న.’

అప్పుడు గొంతు సవరించుకుని పెద్దమనిషిలా మొదలుపెట్టాను.

“శేషూ, ఈ నంబర్లు రోజూ మారుతుంటాయి, వీటిని పట్టుకుని ఇల్లు కనుక్కోవడం కష్టం. కానీ నిన్ను ఇంతలా టార్గెట్ చేసినవాడు నీ మోడెంలో కూడా దూరి ఉండొచ్చు. ఇంటికెళ్ళగానే మోడెం ప్లగ్ పీకెయ్. కాసేపాగి పెట్టు. మిగతా పనులన్నీ తర్వాత.”

మోడెం ఆపి పెడితే అతని కంపెనీ చాలాసార్లు కొత్త నంబరిస్తుంది. చాలాసార్లు. ఎప్పుడూ కాదు. ఆ తేడా నాకొక్కడికే తెలుసు. అతను కారెక్కి వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే కూర్చున్నాను.

ఆ సాయంత్రం జరిగింది తర్వాత హారికే చెప్పింది. శేషు మోడెం ఆపి పెట్టాక ఆమెని పైకి పిలిచాడట. తన లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, కుర్చీ వెనకాలే నిలబడ్డాడట.

“ఆయన ఊపిరి నా మెడకు తగులుతుంది అంకుల్. ‘ముందు మన ఇంటి నంబరెంతనో చూడమ్మా, ఎట్లుంటదో తెలుస్తది’ అన్నడు. కొట్టిన. కళ్ళు మూసుకున్న.”

“తర్వాత?”

“వేరే నంబర్ వచ్చింది. అన్న దగ్గరున్న పాత నంబర్ని కూడా వెతికి చూపించిన. అకౌంట్ అక్కడ లేనే లేదు. ‘గురువుగారు చెప్పింది నిజమే’ అని చాయ్ పెట్టించిండు. తాగిన. కప్పు కడిగి కిందికొచ్చిన.”

నెలాఖరు దాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. వెంటనే ఖాళీ చేస్తే అనుమానం వస్తుందని తనే అంది. ఆ రోజుల్లో ఫోన్ మోగినప్పుడల్లా హారికేనేమో అని పరుగున వెళ్ళి తీసేవాణ్ణి. తర్వాత దూరంగా విండ్సర్ ఊళ్ళో క్లాస్‌మేట్ల దగ్గర రూము దొరికిందని, కాలేజీ అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయిందని శేషుకి చెప్పింది. అతనే సూట్‌కేసు మోసుకొచ్చి బస్సెక్కించాడట. జాగ్రత్తమ్మా అని ఆవకాయ సీసా కూడా ఇచ్చాడట.

విండ్సర్ చేరిన మర్నాడు ఆ అకౌంట్‌లో వీధి పేరు, ఇంటి నంబరు, ఓనర్ పేరు అన్నీ వచ్చాయి. కింద హారిక తన పేరు తనే రాసుకుంది. ‘నా పని గంటల స్లిప్పులన్నీ నా దగ్గరున్నయి, ఎవరికి ఫోన్ చేసుకుంటరో చేసుకోన్రి’ అని కూడా రాసింది. ఆ ఇంట్లో ముందు ఉండి వెళ్ళిన అమ్మాయిలు ఇద్దరు తమ పేర్లతో కింద జవాబులు పెట్టారు. ఇమ్మిగ్రేషన్‌కి ఏ ఫోనూ వెళ్ళలేదు. శేషు ఆ తర్వాత నన్ను కాఫీకి పిలవలేదు.

ఆ రాత్రి నాకు మాత్రం విడిగా మెసేజ్ పెట్టింది. ‘ఇక్కడ రూముకి లోపల గడియ ఉంది అంకుల్. ఊకె ఏసి తీసి చూస్తున్న.’

అంతకు ముందు ఎవరైనా సర్వర్ పెట్టుకుంటానని వస్తే మెమరీ ఎంత, డిస్కు ఎంత అని అడిగేవాణ్ణి. మన డేటా మన చేతిలో ఉండటం గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ముందుగా అడిగేది వేరు. ఇల్లు ఎవరిది, మోడెం ఎవరి పేరు మీద ఉంది, నీ గది తలుపుకి గడియ లోపలి వైపు ఉందా? గడియ లేదంటే సర్వర్ సంగతి పక్కన పెట్టి, ముందు రూము వెతుకుదాం పద అంటాను.