బేగం బీ ఉడికించిన సున్నం

బేగం బీకి అరవై నాలుగేళ్లు. పెళ్లయినప్పటి నుంచి డంగు సున్నమే ఆమె పని. వరంగల్‌లో అందరూ సిమెంటుకు మారాక పదిహేనేళ్లుగా మేస్త్రీల దగ్గర ఇటుకలు మోస్తోంది. ఈ వానాకాలం మట్టెవాడలో ఒక పాత ఇంటి గోడలకు మళ్లీ సున్నమే వేయాలనుకున్నారు. ఆ పని చూసే ఇంజనీరు యమున, సున్నం తన కళ్లముందు ఉడికితేనే పని ఇస్తానంది. నేను పక్కింటివాణ్ని. బీటెక్ మధ్యలో వదిలేసి ఖాళీగా తిరుగుతున్నాను. నేను ఖాలా (పిన్ని) అని పిలిచే బేగం బీ నన్ను సాయానికి పిలిచింది.

బట్టీ నుంచి మూడు బస్తాల సున్నపు గడ్డలు తెచ్చి, మూతులు బిగించి కట్టింది. నేను తెలివి చూపించాను. గాలాడకపోతే చెమ్మ పడుతుందని మూతులు విప్పేశాను. వారం రోజులు ముసురు.

యమున వచ్చే రోజు పొద్దున బేగం బీ ఒక డబ్బాలో నీళ్లు పోసి గడ్డ వేసింది. చప్పుడు లేదు, ఆవిరి లేదు. డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది.

"మూతులు ఇప్పింది ఎవల్రా సోహెల్?"

"నేనే ఖాలా. గాలాడాలె గదా అని."

"గాలి నీకు గావాలె, సున్నానికి గాదు. కాలేజోల్లు నిన్ను ఎల్లగొట్టిండ్రా, నువ్వే వచ్చినవా?"

"నేనే వచ్చిన."

"వాల్ల నసీబు మంచిది."

తిట్టు నన్ను తాకలేదు. భయం తాకింది. ఈ పని పోతే ఆమె మళ్లీ ఇటుకలు మోయాలి. ఇదంతా నేను పరీక్షలో రాసినవాణ్నే. బట్టీలో రాయి వేడిని మింగి సున్నమవుతుంది. నీళ్లు తగిలితే అందులో కొంత వేడి బయటికొస్తుంది. గాలిలోని తేమ కూడా నీళ్లేనని, రోజుకింత చొప్పున ఆ వేడిని లాగేస్తుందని మాత్రం తట్టలేదు. మార్కులు బాగానే వచ్చాయి.

బేగం బీ బస్తాలు కుమ్మరించింది. చిన్నవి పక్కకు తోసి, పెద్ద పెద్ద గడ్డలు ఏరి నా ముందు పెట్టింది.

"పైన సచ్చింది గని కడుపుల పానముంటది. కొట్టు, జల్ది."

ఇద్దరం సుత్తులతో కొట్టాం. పైపెచ్చు పిండిలా రాలిపోయింది, లోపల గట్టిగా ఉంది. మొత్తానికి రెండు తట్టలు తేలాయి.

యమున రాగానే బేగం బీ దాచకుండా చెప్పేసింది. "మేడం, సున్నానికి చెమ్మ తగిలింది. మూడు బస్తాల్ల రెండు తట్టలే మిగిలింది. గదే సూడుర్రి."

ఇనుప డ్రమ్ములో నీళ్లు. ఒక్కో గడ్డా వేసింది. ముందు బుడగలు, తర్వాత చిటపటలు, చూస్తుండగానే డ్రమ్మంతా కుతకుత. యమున డ్రమ్మును తాకి చటుక్కున చెయ్యి లాక్కుంది.

"జర దూరం జరుగు బిడ్డా, కండ్లల్ల పడ్తది! బట్టీల తిన్న మంట గిప్పుడు కక్కుతాంది."

యమున చెయ్యి దులుపుకుంటూ నవ్వింది. "గోడకు ఎప్పుడు వేయొచ్చమ్మా?"

"నెల నాననియ్యాలె."

"సరే, ఆగుతం. పని నీదే."

ఆమె వెళ్లగానే బేగం బీ కొంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. ఇటుకల మేస్త్రీ రాయమల్లుకు చేసింది.

"రాయమల్లూ, రేపటి సంది ఇంకెవల్నన్న సూస్కో. నేను సున్నం పనిల ఉన్న."