పంతులుగారి పిడికిట్లో వేలు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెల్దుర్తి పక్కన మా ఊరి బడికి ఒకే పంతులు ఉండేవాడు. ఆయన విద్యంతా మా చూపుడువేలు పట్టుకోవటంలోనే ఉంది. నాపరాళ్ళ మీద ఇసక పోసి, మా వేలు తన పిడికిట్లో బిగించి అక్షరాలు దిద్దించేవాడు. ఏ బడిలోనైనా చెయ్యి కుదిరాక వేలు వదిలేస్తారు. ఈయన మూడో తరగతి పిల్లల వేలు కూడా వదలలేదు. తన పట్టు లేనిదే అక్షరం పుట్టదని ఆ మహానుభావుడి నమ్మకం.

ఒకనాడు మా పెదనాన్న కూతురు, మా అక్క, మాచర్ల వెళ్ళొచ్చి, రైలు స్టేషను బోర్డు మీద చూసిన పేరును ఇసకలో తనంతట తానే రాసింది.

“ఎవురు నేర్పారే?”

“ఎవురూ నేర్పలా పంతులుగారూ. బోర్డు చూసి నేనే రాశా.”

“నేను నేర్పకుండా నీకు రావటమేందే?”

ఆయన దాన్ని అరచేత్తో చెరిపేశాడు. అక్క వేలు నలిగేట్టు పట్టుకుని అదే పేరు మళ్ళీ దిద్దించి, “ఆఁ, ఇప్పుడొచ్చింది” అంటూ మీసం దువ్వుకున్నాడు.

ఆ ఏడే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. “మీ ఊరి పేరు రాయండమ్మా” అన్నాడు. ఎదురుగా ఇసక ఉంది, పేరు అందరికీ వచ్చు. అయినా ఒక్కరూ రాయలేదు. అందరం చూపుడువేళ్ళు పంతులుగారి వైపు చాచి కూర్చున్నాం.

ఇన్‌స్పెక్టరు తెల్లబోయాడు. పంతులుగారు మాత్రం ఉప్పొంగిపోయి, “చూశారాండీ మా పిల్లల వినయం!” అన్నాడు.

అందరికంటే ముందు వేలు చాచింది మా అక్కే.